అరువు గొంతు

నా మొదటి వేషం శవం. రాణిగారి ఒళ్ళో ప్రాణం విడిచి పడివుండే చిన్న యువరాజు శవం. ఆ రాణి మా అమ్మే. నేను కళ్ళు మూసుకుని పడుకుంటే ఆమె నా మీద వాలి శోకపద్యం ఎత్తుకునేది. జనం "వన్స్ మోర్" అని అరిస్తే అమ్మ మళ్ళీ మొదటినుంచీ ఏడ్చేది, నేను మళ్ళీ మొదటినుంచీ చచ్చిపోయేదాన్ని. శవం వేషానికి ఇంతగా ప్రాణం పెట్టి నటించిన పిల్ల కంపెనీలో ఇంకొకతె లేదని మా హార్మోనియం మామ అనేవాడు. నటిగా నాకు దక్కిన మొదటి మెప్పు అదే. నోరు తెరవకుండా సంపాదించుకున్నాను. తర్వాత వచ్చిన మెప్పులన్నీ నోరు తెరిచి, లోపలినుంచి ఏమీ రాకుండా సంపాదించుకున్నవి.

నాటకాల కంపెనీ కడపలో మకాం వేసినప్పుడు పుట్టానట. కడపలో పుట్టినందుకేనేమో, పెదవులు కదపడమే నా బతుకుతెరువైంది.

అమ్మ గొంతు గురించి చెప్పాలి. అప్పట్లో మైకులు లేవు. నందికొట్కూరులో పందిరి వేసి ఆడితే, ఊరి బయట జొన్నచేలో మంచె మీద కాపలా పడుకున్నవాళ్ళు తెల్లారి వచ్చి, "మేమూ చూసినామమ్మా మీ నాటకం" అనేవారు. చూడలేదు, విన్నారు. అమ్మ విషయంలో వినడమే చూడడం. అలాంటి ఆమె కడుపున నేను పుట్టాను. ముఖం ఆమెదే వచ్చింది. గొంతు మాత్రం దారిలో ఎక్కడో పడిపోయింది.

గొంతు దాకా నీళ్ళలో నిలబడి సాధన చేస్తే కంఠం విచ్చుకుంటుందని నాటకాలవాళ్ళ నమ్మకం. కర్నూలులో ఉన్నన్నాళ్ళూ అమ్మ నన్ను తుంగభద్ర రేవుకు తీసుకెళ్ళి, పొద్దు పొడవకముందే నీళ్ళలో నిలబెట్టేది. తాను పక్కన నిలబడి స్వరం అందించేది. నేను అందుకోబోయి జారవిడిచేదాన్ని. హార్మోనియం మామ గట్టు మీద బీడీ కాలుస్తూ వినేవాడు. అమ్మ మొదటి నాటకం నుంచీ ఆమెకు హార్మోనియం వాయించిన సాయిబు ఆయన. మా ఇంట్లో మనిషే.

"బేటీ, నీళ్ళలో ఉండేది నువ్వా, బర్రెగొడ్డా? ఈ గట్టుకు తేడా తెలీకుండా ఉండాది."

"నవ్వబాకప్పా, దిష్టి తగుల్తాది" అనేది అమ్మ.

"దీనికి దిష్టి యాడ తగుల్తాదమ్మా? దిష్టే బెదిరి ఆవలి గట్టుకు పరిగెత్తిపాయ."

నాకు గొంతు రావాలన్నది అక్షరాలా అమ్మ గొంతెమ్మ కోరిక. కొన్నేళ్ళకు ఆ కోరిక మానుకుంది. నాకు జలుబు మాత్రం మిగిలింది.

టాకీలు ఊరూరికీ వచ్చి కంపెనీ మూతపడ్డాక, ఎవరో నన్ను మద్రాసు తీసుకెళ్ళారు. వాళ్ళు నా ముఖం చూశారు, గొంతు సంగతి అడగలేదు. కొంతకాలం ముందైతే పాడలేని ఆడమనిషిని స్టూడియో గేటు దగ్గరనుంచే పంపించేసేవారు. నేను వెళ్ళేసరికి ముఖం ఒకరిది, గొంతు ఒకరిది తెచ్చి అతికించే పద్ధతి వచ్చేసింది. నాకు పాడే ఆవిడ పాట రికార్డు చేసేటప్పుడు నేను వెళ్ళి ఒక మూల కూర్చునేదాన్ని. ఆవిడ ఊపిరి ఎక్కడ తీస్తుందో, ఏ అక్షరం దగ్గర దవడ దిగుతుందో, ఏ గమకానికి మెడ నరం లేస్తుందో చూసి పెట్టుకునేదాన్ని. తర్వాత ఇంట్లో అద్దం ముందు నిలబడి, శబ్దం రాకుండా నరం మాత్రం లేపడం నేర్చుకున్నాను. అదేమీ సులువైన పని కాదు. పాటలు నేను పాడలేదు గానీ, పాట్లు నేనే పడ్డాను.

పాట పాడే ఘట్టాల్లో నా అంత సహజంగా ఒదిగిపోయే నటి లేదని పత్రికలవాళ్ళు రాశారు. ఒకసారి ఆవిడే స్టూడియో వరండాలో ఎదురై, "మొన్నటి పాట చాలా బాగా పాడారండీ" అంది నవ్వుతూ. "మీరూ చాలా బాగా నటించారు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడ అదొక పని, అంతే. ఎవరి పని వాళ్ళది, ఎవరి పేరు వాళ్ళది. సిగ్గు నాకు మద్రాసులో తగల్లేదు. అది నా కోసం కర్నూలులో కాచుకుని ఉంది.

కర్నూలు రాజధాని అయిన కొత్త. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయి. టూరింగ్ టాకీసు డేరా ఏదో, సర్కారువారి డేరా ఏదో పైనుంచి చూస్తే తెలిసేది కాదు. రెండింట్లోనూ జనం గంటలకొద్దీ కాచుకునేవారు, కాకపోతే ఒకదాంట్లో చివరికి కథ ముగిసేది. నేను కథానాయికగా వేసిన చిత్రం ఆ ఎండాకాలంలో అక్కడ ఆడుతోంది. అందులో ఒక వాన పాట. వాన మా సీమకు రాకపోయినా వాన పాట వచ్చిందని జనం ఎగబడ్డారు.

ఆ పాట నాదేననుకున్నారు. అనుకోవడంలో వాళ్ళ తప్పు లేదు. అంతా నాటకాలు చూసి పెరిగినవాళ్ళు. ఎవరి నోరు కదిలితే పాట వాళ్ళది. పాడలేని మనిషికి వేషం ఇస్తారన్నది వాళ్ళ ఊహకు అందని సంగతి. అడుగు లేని బొక్కెనను ఎవరైనా బావిలో వేస్తారా? తెర మీద పాడినవారి పేరు పడుతుందిగదా అంటారేమో. ఆ వేళకు డేరాలో జనం చోటు కోసం కొట్టుకుంటూంటారు. పేరు ఎవరు చదివారు?

నేను మద్రాసునుంచి కర్నూలులో అమ్మ ఉండే ఇంటికి చేరేసరికి వాకిట్లో చిన్నచిన్న చెప్పుల జతలు. లోపల చాప నిండా పట్టుపావడాల ఆడపిల్లలు, వాళ్ళ నడుమ అమ్మ, పక్కన హార్మోనియం మామ. అందరూ పెద్దింటి పిల్లలు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఎందుకు నిలబడిపోయానో తెలియాలంటే మేమెవరమో తెలియాలి. నాటకాలవాళ్ళం. ఇదే ఊళ్ళో పెద్దిళ్ళ ఆడవాళ్ళు పరదా చాటున కూర్చుని అమ్మ పద్యాలు విని కళ్ళు తుడుచుకునేవారు. తెల్లారి అమ్మ ఏ పనిమీదైనా వెళితే మాత్రం అరుగు మీదే నిలబెట్టి మాట్లాడి పంపించేవారు. దాహమంటే చెంబు పైకెత్తి దోసిట్లో పోసేవారు. రాత్రి రాణికి సింహాసనం ఉండేది, పగలు మనిషికి పీట ఉండేది కాదు.

ఆ సాయంత్రమే పెద్ద రెడ్డిగారి భార్య మా ఇంటికి వచ్చింది. నన్ను చూడడానికి, తన గుర్రబ్బండిలో, తనంతట తాను. ఆమె మనవరాళ్ళు ఇద్దరు అమ్మ దగ్గర నేర్చుకుంటున్నారు.

"ఏమ్మా, బాగుండావా? తెర మీద కంటే సన్నగా ఉండావే!"

"తెర వెడల్పు అమ్మా అది" అన్నాను.

పకపకా నవ్వింది. "ఆ వాన పాట ఉండాది సూడు, మా చిన్నది కూడు తింటా పాడతాది, జడ ఏయించుకుంటా పాడతాది. నీ గొంతులో అంత తేనె యాడ దాసినాడమ్మా దేవుడు?"

"అది నా గొంతు కాదమ్మా. మద్రాసులో వేరే ఆవిడ పాడతారు. నేను ఊరికే నోరు కదుపుతాను."

ఆమె నన్ను చూసింది. అమ్మను చూసింది. చెంప మీద చెయ్యి వేసుకుంది.

"సూడు సూడు, ఎంత అణుకువ! తల్లి పెంపకం అంటే ఇదీ. మా యింట్లోనూ ఉండారు, రెండు ముక్కలు వస్తే ఊరంతా దండోరా ఏస్తారు."

"నిజంగానే అమ్మా..."

"నిజమేలే తల్లీ. నువ్వు పాడలే, మేము వినలే. సరేనా?"

ఇంతకంటే నిజం ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు. అబద్ధం చెబితే పట్టుబడతాం. నిజం చెబితే పట్టుచీర కప్పుతున్నారు.

బండి మలుపు తిరిగేదాకా అమ్మ నవ్వుతూ నిలబడింది. తిరగ్గానే లోపలికొచ్చి నా మీద పడింది.

"నోరు ఊరుకోదా నీకు?"

"నిజమేగదమ్మా చెప్పినాను."

"నిజం నాకు తెలీదా? నువ్వు పుట్టి ఏడ్సినప్పుడు మొదట ఇన్నది నేను. డేరాలో తొలి ముక్క ఇనంగానే తెలిసిపాయ, ఇది నా బిడ్డ గొంతు కాదని."

"మరి వీళ్ళకెందుకు చెప్పలేదు?"

అమ్మ చేట తీసుకుని బియ్యం చెరుగుతూ కూర్చుంది. చేటతోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది. "నేనుగా యాడికీ పోలే. వాళ్ళే వచ్చిరి. నీ కూతురికి నేర్పినట్ల మా పిల్లోల్లకు నేర్పు అనిరి. వాళ్ళ ఇండ్లకు పోతే లోపలికి పిలిచి చాప ఏసిరి. వాళ్ళు తాగే చెంబుతోనే నాకూ నీళ్ళిచ్చిరి. ఇన్నేండ్లు నా గొంతుకు తెరవని తలుపు అది. నువ్వు పాడలేదంటే నేను నేర్పలేదనే గదా? మళ్ళా అరుగు మీదికే నేను."

ఎరువు సొమ్ము బరువు చేటంటారు. అరువు తెచ్చుకున్నది నేను, బరువు మోస్తున్నది అమ్మ.

ఆ వారంలోనే ఆడపిల్లల బడిలో సభ పెట్టారు. పెట్టించింది రెడ్డిగారి భార్యే. మధ్యాహ్నం ఎండలో పందిరి వేసి, ముందు వరుసల్లో తల్లులు, వెనక పిల్లలు. నాకు ఒక దండ, అమ్మకు ఒక దండ వేశారు. పెద్ద పంతులమ్మగారు మాట్లాడుతూ, కూతురి కంఠంలో తల్లి విద్య పలుకుతోందన్నారు. చప్పట్లు మోగాయి. ఆమె కూర్చోగానే వెనకనుంచి "పాట! పాట!" అని పిల్లలు మొదలుపెట్టారు.

లేచి, "నా గొంతు బాగాలేదు" అన్నాను. అంతటి పరమసత్యాన్ని నేను ఏ సభలోనూ చెప్పి ఎరగను.

"మిరియాల కషాయం తెప్పిస్తా ఉండమ్మా!" అని ముందు వరుసలోంచి ఒక తల్లి లేచింది. తెప్పించింది కూడా. అందరూ చూస్తుండగా ఆ గ్లాసు మొత్తం తాగాను. ఇక పాడకపోతే కషాయానికి అప్రతిష్ఠ.

"బేటీ, దగ్గు. గట్టిగా దగ్గు" అన్నాడు హార్మోనియం మామ పెదవి కదలకుండా.

దగ్గాను. నటనకు నాకు బిరుదులిచ్చినవాళ్ళు ఆ దగ్గు విని ఉంటే వాటిని వెనక్కి అడిగేవారు.

పందిట్లో గుసగుసలు లేచాయి. "ఇంత దూరం వచ్చి ఒక్క పాట పాడేకి ఏం?" "మద్రాసు పోతే పొగరు రాదామ్మా మరి." ఇంతలో ఒక కొత్త పంతులమ్మ, కోస్తానుంచి బదిలీ మీద వచ్చినావిడ, పక్కామెతో అన్నది నాకూ వినబడింది. "ఈ మధ్య సినిమాల్లో పాడేవాళ్ళు వేరే ఉంటారటండీ. వీళ్ళు ఊరికే పెదాలు ఆడిస్తారట."

రెడ్డిగారి భార్యకూ వినబడింది. మొన్న నేను చెప్పిన మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చి ఉండాలి. ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి. ఆ కళ్ళు నా మీదినుంచి మెల్లగా అమ్మ మీదికి వెళ్ళాయి. నాకు మిరియాల కషాయం తాగినా ఒళ్ళు చల్లబడింది.

అమ్మ లేచి నిలబడింది.

"బిడ్డకు గొంతు పట్టుకునిందమ్మా. కోపం చేసుకోబాకండి. నేర్పినదాన్ని నేనుండాగదా, నేను పాడతా."

అలవాటు లేని మైకును చేత్తో పక్కకు జరిపింది. మామను చూసింది. ఆయన ఏమీ అడగకుండా పాత శ్రుతి పట్టాడు, వెనకటి పై శ్రుతి. అమ్మ రాణి శోకపద్యం ఎత్తుకుంది.

ఎన్నో ఏళ్ళుగా వినలేదు. గొంతులో వయసు ఉంది, కానీ ఆ విసురు ఎక్కడికీ పోలేదు. పందిరి అంతా ఒక్కసారి నిండిపోయింది. నాకు నిండినట్టు అనిపించింది, మిగతావాళ్ళకు ఇరుకైనట్టుంది. ముందు వరుసలోని ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. ఒక చిన్నపిల్ల చెవులు మూసుకుంది. దాన్ని చూసి ఇంకొకతె కిసుక్కుమంది. ఆ నవ్వు వరుసనుంచి వరుసకు పాకింది. రేడియోకు, రికార్డుకు అలవాటుపడిన చెవులు వాళ్ళవి. పై స్థాయిలో అమ్మ గొంతు చిన్నగా పగిలింది. ఒకప్పుడైతే ఆ పగులునే పట్టుకుని రాగం ఇంకా పొడిగించేది. ఆ వేళ అక్కడే ముగించేసింది. మామ వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఇంకా ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చాయి.

మర్యాదకు చప్పట్లు కొట్టారు. వన్స్ మోర్ అన్నవాళ్ళు లేరు.

"ఏం అరుపమ్మా అది, చేన్లో పిట్టలు తోలినట్ల!" అంది కషాయం తెప్పించినామె.

"పాపం, వయసైపాయ" అంది రెడ్డిగారి భార్య. ఆమె కళ్ళు మళ్ళీ మామూలుగా అయ్యాయి. "కూతురి గొంతులో తియ్యదనం తల్లికి యాడినుంచి వస్తాది? నేర్పేది వేరే, పాడేది వేరే."

అమ్మ రెండు చేతులూ జోడించింది. "నా బిడ్డ ముందర నేనెంతమ్మా? నాదంతా పాత నాటకాల మోటు."

"మా పిల్లోల్లకు మాత్రం నీ మాదిరి వద్దు సూడు. నీ కూతురి మాదిరి నేర్పించల్ల."

"అట్లే లేమ్మా, అట్లే."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. కొత్త పంతులమ్మ మాట ఎవరికీ గుర్తులేదు. తల్లి ఎంత బాగా పాడకపోతే కూతురు అంత బాగా పాడినట్టు లెక్క కుదిరిపోయింది.

మైకు నా ముందే ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే, అమ్మ ఇప్పుడే అందరి ముందూ పారేసుకున్న పరువు ఉత్తపుణ్యానికి పారేసుకున్నట్టవుతుంది. నోరు కదపడంలో పేరుమోసినదాన్ని, దాన్ని మూసుకుని దండతో కూర్చున్నాను. అంత సిగ్గు నాకు ఇంకే వేదిక మీదా కలగలేదు. నవ్వింది అమ్మను చూసి. పొగిడింది నన్ను. రెండూ నా వల్లే, రెండింటికీ నేను తగను.

బండిలో తిరిగొస్తుంటే మామ ఊరుకోలేకపోయాడు. "అంత పొట్టిగా ఎప్పుడూ పాడలేదేమమ్మా?"

"ఇనేవాళ్ళు లేనప్పుడు పొడుగేంటికప్పా?"

"పగిలిన గొంతు మీదనే గదమ్మా జనం ఏడ్సేది."

"ఏడ్సిన జనం వేరే. సెనగలు కొందాం, బండి ఆపమను" అంది అమ్మ. ముగ్గురం సెనగలు తిన్నాం.

మర్నాడు పొద్దున, పిల్లలు రావడానికి ముందు, అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది.

"ఆ వాన పాటలో రెండో చరణం కాడ ఆమె ఒక మలుపు తిప్పుతాది సూడు. డేరాకు పోయి ఎన్నితూర్లు విన్నా దొరకలే. ఊపిరి యాడ తీస్తాదో తెలీకుండా ఉండాది. నువ్వు దగ్గర కూసోని సూసినావుగదా."

"నాకు పాడి చూపించే దానికి రాదుగదమ్మా."

"పాడమని ఎవురన్నారు? తెర మీద చేసినట్ల చెయ్యి. నేను సూసి పట్టుకుంటా."

"అమ్మా, వద్దు."

"బిరీన చెయ్యి తల్లీ, పిల్లోల్లు వచ్చేస్తారు. ఈ పొద్దు అదే నేర్పల్ల. సభలో ఆయమ్మ చెప్పిందిగదా."

గోడకు ఆనుకుని నిలబడ్డాను. శబ్దం లేకుండా మొదలుపెట్టాను. మద్రాసులో ఎన్ని దీపాల కింద చేశానో ఆ పని. అమ్మ నా ఎదురుగా నిలబడి, నా నోటినీ మెడనూ చూస్తూ వెంట పాడింది. తన గొంతును నొక్కి నొక్కి, పక్కగదిలోకి కూడా పోనంత చిన్నది చేసుకుని పాడింది. మలుపు దగ్గర నేను ఊపిరి తీసి ఆపాను. ఆమె కూడా తీసి ఆపింది.

"ఇట్లేనా?"

తలూపాను.

"ఇంకా సన్నగా తియ్యల్లా?"

"ఇంకొంచెం" అన్నాను.

వాకిట్లో పిల్లలు చెప్పులు విడుస్తున్నారు. "ఇంగొక్కతూరి" అంది అమ్మ తొందరగా. నాకు తల దించుకోవాలనిపించింది. దించుకుంటే అమ్మకు నా పెదవులు కనబడవు.